సాయంత్రం ఆ ఒక్క గంట ఎవరిది?

మగవాడు సాయంత్రం చొక్కా తొడుక్కుని గడప దాటితే ఇంట్లో ఎవరూ పెద్దగా అడగరు. అడిగినా "ఇట్లా సెంటరు దాకా" అంటే సరిపోతుంది. అదే ఆడమనిషి చెప్పుల్లో కాళ్లు పెడితే చాలు, "యాడికి?" అన్న ప్రశ్న తయారు. ఆ ప్రశ్నకు చెల్లే జవాబులు కొన్నే ఉన్నాయి. గుడికి, ఆస్పత్రికి, టైలరు దగ్గరికి, పిల్లవాడి ట్యూషన్‌కి, కూరగాయలకి. "ఊరికే... నలుగురం కూచుని ఏదైనా తిని, కాసేపు మాట్లాడుకుని వస్తాం" అన్నది మాత్రం ఆ లెక్కలో లేదు. అట్లా చెబితే నవ్వుతారు. లేదంటే అనుమానంగా చూస్తారు.

ఈ మధ్య పండగలకి ఊరికొచ్చే పిల్లల నోట 'హ్యాపీ అవర్' అన్న మాట వినబడుతోంది. హైదరాబాదులోనో, బెంగుళూరులోనో ఉద్యోగాలు చేసే పిల్లలు. ఆఫీసులు వదిలే వేళకూ, రాత్రి భోజనాల వేళకూ మధ్య పబ్బుల్లో బల్లలు ఖాళీగా ఉంటాయట. ఆ ఖాళీ నింపుకోవడానికి ఒక గంటో రెండు గంటలో మద్యం ధర తగ్గించి ఇస్తారు. నంజుకోవడానికి వేయించిన బంగాళాదుంపలో, వేరుశనక్కాయలో, చిన్న చిన్న తిండి. వ్యాపార కిటుకు ఇంతే! కానీ ఆ మాట చెవిన పడగానే మన పెద్దవాళ్లకు గుండె గుభేలుమంటుంది. "ఆడపిల్లలు గూడా పోతారంట గదమ్మా!" అని బుగ్గలు నొక్కుకుంటారు.

నేను చెప్పదలుచుకున్నది గ్లాసు గురించి కాదు, గంట గురించి. రోజంతా చాకిరీ చేసిన మనిషి ఇంటికీ పనికీ సంబంధంలేని ఒక చోట, ఇష్టమైన వాళ్లతో, తన డబ్బుతో, ఎవరికీ వడ్డించనక్కర్లేకుండా ఒక గంట కూచోవడం. ఆ పిల్లలకు అక్కడ దొరుకుతున్న సంతోషంలో ముప్పాతిక వంతు ఇదేనని నా నమ్మకం. మన కర్నూల్లో, కడపలో, ప్రొద్దుటూరులో, నంద్యాలలో ఆ గంట మగవాళ్లకు పుట్టుకతోనే వస్తోంది. మనకు ఎన్ని నోములు నోచినా రావడం లేదు. నా ఫిర్యాదల్లా అదే.

పేరు వెనక కథ

అసలు ఈ హ్యాపీ అవర్ అన్న మాట వ్యాప్తిలోకి వచ్చింది మద్యం దుకాణాల నుంచి కాదు. 1910ల్లో అమెరికా యుద్ధనౌకల మీద నెలల తరబడి నీళ్ల మధ్య ఉండే నావికులకు విసుగు పుట్టకుండా పాటలు, ఆటలు, ముష్టియుద్ధాలు, సినిమాలు పెట్టేవారు. ఆ వేళను హ్యాపీ అవర్ అనేవారు. తమాషా ఏమిటంటే 1914లో ఆ నౌకాదళం ఓడల మీద మద్యాన్నే నిషేధించింది. మద్యం పోయినా హ్యాపీ అవర్ నిలిచింది! చాలా ఏళ్ల తర్వాతే బార్లవాళ్లు ఆ పేరును తమ బోర్డు మీదికి ఎక్కించుకున్నారు. చౌకగా వస్తోందని గబగబా తాగి బండ్లు నడిపేవాళ్లతో విసిగి అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం 1984లోనూ, ఐర్లండు 2003లోనూ ఈ తగ్గింపు ధరల తాగుడు వేళను నిషేధించాయి కూడా. అంటే ఆ గంటలోని సంతోషానికీ, ఆ గ్లాసుకీ విడదీయరాని బంధం ఏమీ లేదన్నమాట.

పబ్బు అన్న మాట సంగతీ చూడండి. పబ్లిక్ హౌస్ అన్నదాన్ని కుదిస్తే పబ్ అయింది. అంటే అందరి ఇల్లు అని. ఆ 'అందరి'లో ఆడవాళ్లు ఉన్నారా? న్యూయార్కులో మెక్‌సోర్లీస్ అనే ఓ పాత సారాయి ఇల్లుంది. నూరేళ్లకు పైగా ఆడవాళ్లను లోపలికి రానివ్వలేదు. 1970లో చట్టం మెడ మీద కూచుంటే తలుపు తీశారు. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో 1965లో ఇద్దరు ఆడవాళ్లు రెగట్టా హోటలు బారులో కాలు పెట్టుకునే కమ్మీకి తమను తాము గొలుసులతో కట్టేసుకుని, "మాకూ ఇవ్వండి" అని కూచున్నారు. లండనులో పత్రికల వీధి ఫ్లీట్ స్ట్రీట్‌లో ఎల్ వినో అనే చోట మగ విలేఖర్లు నిలబడి తాగుతూ కబుర్లాడుకునేవాళ్లు. ఆడవాళ్లు మాత్రం వెనక గదిలో బల్ల దగ్గర కూచుంటేనే తెచ్చిస్తామనేవాళ్లు. ఆ పద్ధతి చెల్లదని కోర్టు చెప్పింది 1982లో!

ఆ వెనక గది సంగతి చదివినప్పుడు నాకు మన హోటళ్లు గుర్తుకొచ్చాయి.

ఫ్యామిలీ రూము

మా పుట్టిల్లు కడప, మెట్టినిల్లు కర్నూలు. రెండు ఊళ్లలోనూ హోటలుకు వెళ్లే ఆడవాళ్లకు తెలిసిన బోర్డు ఒకటుంది: 'ఫ్యామిలీ రూమ్ కలదు'. ఒకసారి మేం ముగ్గురు ఆడవాళ్లం ఒక హోటల్లోకి వెళ్లి, ముందు హాల్లో ఫ్యాను కింద, రోడ్డు కనబడే బల్ల దగ్గర కూచున్నాం. సర్వరు పరుగెత్తుకొచ్చాడు. "అక్కా, ఫ్యామిలీ రూము లోపలుంది." "మేం ఈడే బాగున్నాం లేప్పా" అంది మాలో పెద్దావిడ. అతను గల్లాపెట్టె వైపు చూశాడు. గల్లాపెట్టె దగ్గరాయన మా వైపు చూశాడు. చుట్టూ ఉన్న మగవాళ్లంతా వాళ్లిద్దరినీ, మమ్మల్నీ చూశారు. దోసెలు వచ్చాయి, తిన్నాం. కానీ తిన్నంతసేపూ ఏదో పరీక్ష రాస్తున్నట్టుగా ఉంది. ఎవరూ ఒక్క మాట అనలేదు. అనక్కర్లేకుండానే అంతా చెప్పేశారు.

ఆ ఫ్యామిలీ రూములో ఏముంటుందో మీకు తెలుసు. గాలి ఆడని అర, నూనె మరకల పరదా, చేతులు కడుక్కునే తొట్టి పక్కనే బల్ల. పిలిస్తే పలికేవాళ్లు ఉండరు. మన క్షేమం కోసమే పెట్టామంటారు. క్షేమం కోసమైతే హాల్లో నలుగురి కళ్ల ముందు ఉండటం కన్నా క్షేమం ఏముంటుంది? పరదా వెనక్కి పంపేది మన భయం తీర్చడానికి కాదు. మనం కనబడకుండా ఉండటానికి.

ఇక పరదా వెనక్కి కూడా వెళ్లలేని వాళ్లకు హోటలు తిండి పార్సిలు రూపంలోనే తెలుసు. కడప కారం దోసె పేరు రాష్ట్రమంతా తెలుసు గదా! పెనం మీద దోసె ఎర్రగా కాలుతుండగా ఎర్రకారం పూసి, పైన పప్పులపొడి చల్లి, పక్కన టెంకాయ చట్నీ పెట్టి ఇస్తారు. అది పెనం మీద నుంచి దిగిన రెండు నిమిషాల్లో తినాలి. అంచు కరకరలాడాలి, నడుమ మెత్తగా ఉండాలి. కాగితంలో చుట్టి, కవరులో పెట్టి, బండి మీద ఇంటికి తెచ్చేసరికి ఆవిరికి నీరుగారి తడిగుడ్డలా అయిపోతుంది. కడపలో పుట్టి, కడపలోనే అరవై ఏళ్లు బతికిన మా బంధువులావిడ ఒకామె "ఏముందమ్మా ఆ దోసెలో, ఊరికే పేరు గాని" అనేది. ఆమె ఎన్నడూ దాన్ని పెనం పక్కన కూచుని తినలేదు. తన ఊరి దోసె రుచే తనకు తెలియకుండా పోయింది పాపం!

కర్నూల్లో ఉగ్గాని, బజ్జీ కథా అంతే. బొరుగులు నీళ్లలో తడిపి పిండి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ తిరగమోతలో వేసి, పప్పులపొడి చల్లి, నిమ్మకాయ పిండితే ఉగ్గాని. పక్కన వేడివేడి మిరపకాయ బజ్జీ. సాయంత్రమైతే సెంటర్లలో బండ్ల చుట్టూ మగవాళ్లు గుంపులు గుంపులుగా నిలబడి తింటూ, ఊరి రాజకీయాలన్నీ తేల్చేస్తుంటారు. ఆ బండి దగ్గర బాణలి ముందు చెమటలు కక్కుతూ బజ్జీలు వేస్తున్నది చాలాచోట్ల ఆడమనిషే. దాన్ని ఎవరూ తప్పుపట్టరు. అదే ఆడమనిషి బండికి ఇవతల నిలబడి ఓ ప్లేటు చేతిలో పట్టుకుంటే మాత్రం తలలు తిరుగుతాయి. వండటానికి రోడ్డు మీదికి రావచ్చు, తినడానికి రాకూడదు! ఇదెక్కడి న్యాయమో చెప్పండి.

అరుగులు పోయాయి

"మన ఆడవాళ్లు మునుపు కలుసుకోలేదా, మాట్లాడుకోలేదా?" అనవచ్చు మీరు. కలుసుకున్నారు. కానీ ఎక్కడ కలుసుకున్నారో గుర్తు చేసుకోండి. బావిగట్టు మీద, కొళాయి దగ్గర, చాకిరేవులో, చెనిక్కాయలు ఒలిచే కల్లంలో. చేతులు ఆడుతూ ఉంటేనే నోరు ఆడనిచ్చారు. మగవాళ్లకు ఊరి నడుమ చావడి, టీ అంగడి, మర్రిచెట్టు కింద కట్ట... ఒట్టి చేతులతో కూచునే చోట్లు ఎన్నో. ఆడవాళ్లకు పనిలేని చోటు ఒకే ఒక్కటుండేది, ఇంటి ముందు అరుగు. మన ఎండలు తెలిసినవే గదా. పగలంతా కాగిన ఇంట్లో ఉడికిపోయి, పొద్దుగూకాక అరుగు మీద నీళ్లు చల్లుకుని కూచుంటే ప్రాణం లేచొచ్చేది. అమ్మలక్కలు ఇటు అరుగు మీద ఇద్దరు, అటు అరుగు మీద ముగ్గురు. అదే మన హ్యాపీ అవర్.

ఆ అరుగులు ఇప్పుడేవి? రోడ్డు వెడల్పులో కొన్ని పోయాయి. కారు పెట్టుకోవడానికి కొన్ని పోయాయి. అపార్టుమెంట్లు వచ్చాక మిగిలినవీ పోయాయి. సాయంత్రాలు టీవీకి అప్పగించాం, ఇప్పుడు సెల్‌ఫోనుకు అప్పగించాం. ఒక్కో ఇంట్లో ఒక్కో ఆడమనిషి, ఒక్కో తెర ముందు. ఎదురింటావిడ పేరు తెలియదు గానీ సీరియల్లో కోడలి కష్టాలన్నీ తెలుసు.

అసలు తీరిక ఉందా అన్నది ఇంకో ప్రశ్న. కేంద్ర ప్రభుత్వ గణాంకశాఖ వాళ్లు ఎవరు ఏ పనికి ఎంత సమయం పెడుతున్నారో 2019లో లెక్క కట్టారు. ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు దానికి పెడుతుంటే, ఇంటిపనిలో చేయి పెట్టే మగవాళ్లు 97 నిమిషాలు పెడుతున్నారని తేలింది. 2024లో మళ్లీ లెక్క కడితే ఆడవాళ్ల పని 289 నిమిషాలకు తగ్గింది. ఐదేళ్లలో పది నిమిషాలు! ఈ లెక్కన మనకు రోజుకు ఒక గంట మిగలాలంటే ముప్ఫై ఏళ్లు పడుతుంది. మగవాళ్లది పెరిగిందేమోనని ఆశపడకండి. అది 97 నుంచి 88కి తగ్గింది. కాబట్టి ఆ గంట ఎవరో తెచ్చి మన చేతిలో పెడతారని కూచుంటే లాభం లేదు.

మద్యం అంటే మనకెందుకు మంట

ఇంత చెప్పి, మద్యం గురించి మాట్లాడకపోతే దొంగతనం అవుతుంది. పబ్బు అనగానే మన సీమ ఆడవాళ్లు భయపడటంలో తప్పులేదు. మనం మద్యాన్ని చూసింది మెరిసే గ్లాసులో కాదు. కూలిడబ్బులు ఖాళీ అయిన జేబులో, అర్ధరాత్రి తలుపు మీద పడే తన్నులో చూశాం. అందుకే 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్లు సారా దుకాణం మూయించారని తెలియగానే ఆ నిప్పు రాయలసీమకూ పాకింది. చీపుర్లు, కారం పొట్లాలు పట్టుకుని సారా బండ్లకు అడ్డం పడుకున్న తల్లులు మన జిల్లాల్లోనూ ఉన్నారు. కర్నూలు జిల్లా మనిషి కోట్ల విజయభాస్కరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు. 1997లో అది ఎత్తేశారు. ఆ తర్వాత ఎన్ని ప్రభుత్వాలు మారినా సీసా మాత్రం మారలేదు. 2024 అక్టోబరులో రాష్ట్రంలో 3,396 దుకాణాలు ప్రైవేటువాళ్ల చేతికి వచ్చాయి, 99 రూపాయలకే క్వార్టరు వచ్చింది.

ఆలోచించండి. 99 రూపాయలకు మగవాడికి ఒక సాయంత్రం అమర్చి పెట్టారు. అదే డబ్బుతో ఒక ఆడమనిషి ఉగ్గాని తిని, టీ తాగి, స్నేహితురాలితో గంటసేపు ధైర్యంగా కూచునే చోటు ఊర్లో ఒక్కటి చూపించండి!

కనుక నేను పబ్బులకు వకాల్తా పుచ్చుకోవడం లేదు. నగరాల పబ్బుల్లో 'లేడీస్ నైట్' అని ఆడపిల్లలకు ఉచితంగా పోస్తారట. అది ఔదార్యం అనుకుంటే పొరపాటే. ఆడపిల్లలు కనబడితే డబ్బిచ్చి తాగే మగవాళ్లు పెరుగుతారని లెక్క. ఉచితంగా దొరికేచోట అమ్ముడుపోతున్న సరుకు ఏమిటో ఆడపిల్లలే కాస్త చూసుకోవాలి.

కానీ ఒక్క మాట. మద్యం చెడ్డదైతే ఇద్దరికీ చెడ్డది. కొడుకు తాగొస్తే "వయసు" అంటాం, కూతురు ఒక గుక్క తాగిందని తెలిస్తే "వంశం" అంటాం. అల్లుడు వస్తే బావమరుదులు డాబా మీద సిట్టింగు వేస్తారు, చికెను వేయించి పైకి పంపేది మనమే. పరువు మొత్తం ఆడపిల్ల నెత్తిన పెట్టి, సరదా మొత్తం మగపిల్లల జేబులో పెట్టడం మాత్రం నాకు మింగుడు పడదు.

2009 జనవరి 24న మంగుళూరులో ఒక పబ్బు మీదికి కొందరు వెళ్లి, అక్కడున్న ఆడపిల్లలను వెంటపడి కొట్టారు. దేశమంతా టీవీల్లో చూసింది. మరి మన ఇళ్లల్లో ఎక్కువగా వినబడిన ప్రశ్న ఏమిటి? "కొట్టినోళ్లు ఎవరు?" అని కాదు, "ఆ పిల్లలు ఆడికెందుకు పోయిరి?" అని. మళ్లీ అదే ప్రశ్న! యాడికి? ఎందుకు? కొడుతున్న చేతి కన్నా కూచున్న చోటే పెద్ద నేరమైపోయింది. పబ్బులో కూచున్న పిల్లను ఈ ప్రశ్నతో వదిలేస్తే, రేపు టీ అంగట్లో కూచున్న పిల్లనూ ఇదే అడుగుతారు. నది ఒడ్డున కూచున్న పిల్లనూ అడుగుతారు. అందుకే పబ్బంటే గిట్టని నాలాంటి వాళ్లు కూడా ఆ పిల్లల పక్కన నిలబడాలి.

టీ గ్లాసుతోనూ చేయవచ్చు

ఈ గంటను టీ గ్లాసుతోనే అడిగిన వాళ్లున్నారు. పాకిస్తాన్‌లోని కరాచీలో 2015లో కొందరు అమ్మాయిలు రోడ్డు పక్క ధాబాల్లో కూచుని టీ తాగుతూ ఫొటోలు తీసి 'గర్ల్స్ ఎట్ ధాబాస్' అని పేరు పెట్టి అందరికీ చూపించారు. ఏముంది అందులో అంటారా? ఏమీ లేదు. ఆడపిల్ల, ప్లాస్టిక్ కుర్చీ, టీ గ్లాసు. అంతే! కానీ ఆ దేశంలో ఎందరో ఆడపిల్లలు "ఇది మనమూ చేయవచ్చా?" అనుకున్నారు. అంతకుముందు 2011లో ముంబయి నగరం మీద ముగ్గురు ఆడవాళ్లు, శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే, 'వై లాయిటర్?' అని ఇంగ్లీషులో ఒక పుస్తకం రాశారు. నగరంలో ఆడవాళ్లకు క్షేమం కావాలంటే వాళ్లను ఇంట్లో పెట్టడం మార్గం కాదు, పనేమీ లేకుండా కూడా బయట తిరిగే హక్కు కావాలన్నది వాళ్ల వాదన. నాకైతే అది మన కొండారెడ్డి బురుజు దగ్గరికీ, కడప ఏడురోడ్ల కూడలికీ సరిగ్గా సరిపోయే మాట అనిపించింది. ఒక చోట నలుగురు ఆడవాళ్లు కూచుంటే ఐదో ఆవిడకు భయం పోతుంది. అందరూ ఇంట్లో ఉంటే బయటికొచ్చిన ఒక్కత్తి ఎప్పుడూ ఒంటరిదే.

మనకు ఇది బొత్తిగా చేతగాదనీ కాదు. రంజాను నెలలో రాత్రిపూట బజార్లు చూడండి, ఆడవాళ్లతో కళకళలాడుతుంటాయి. కడపలో పెద్దదర్గా ఉరుసుకూ, దేవుని కడప బ్రహ్మోత్సవాలకూ పొద్దుపోయాక కూడా గుంపులుగా వెళ్లొస్తాం. అప్పుడు భయమూ లేదు, అడిగేవాళ్లూ లేరు. ఎందుకంటే అది దేవుడి పని. దేవుడి పేరు చెప్పుకుంటే దొరికే సాయంత్రం మన పేరు చెప్పుకుంటే ఎందుకు దొరకదు?

2025 ఆగస్టు 15 నుంచి 'స్త్రీ శక్తి' పేరిట మన రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. మంచిదే, కాదనను. కర్నూల్లో ఎక్కితే చేతిలో రూపాయి లేకపోయినా కడపలో దిగవచ్చు. సరే, దిగాక? బస్టాండు బయట కూచోవడానికి చోటేది? బజారు నడుమ శుభ్రమైన మరుగుదొడ్డి ఏది? మన ఆడవాళ్లు బజారుకు వెళ్లే రోజు పొద్దున్నుంచీ నీళ్లు తాగరు, గమనించారా? ఆ ఎండల్లో! నీళ్లు తాగడానికే భయపడే చోట టీ తాగుతూ గంటసేపు ఎవరు కూచుంటారు? బస్సు దింపగలిగింది గమ్యం దాకానే. గమ్యంలో మనకు చోటు ఉండాలి గదా!

ఇక ఖర్చు సంగతి. "ఇంట్లో చేసుకుంటే పది రూపాయల్లో అయ్యేదానికి నలభై తగలేస్తారా?" అంటారు. నిజమే, ఉగ్గాని చేయడం నాకూ వచ్చు. కానీ ఇంట్లో చేస్తే నాకు దొరికేది ఉగ్గాని, బాణలి తోముడు కూడా! బయట ఇచ్చే డబ్బు బొరుగులకు కాదు, కూచున్నందుకు. ఎవరో వండి, ఎవరో తెచ్చి పెట్టి, "ఇంకేమైనా కావాలా అక్కా?" అని అడిగినందుకు. రోజుకు మూడు పూటలా ఆ ప్రశ్న అందరినీ అడిగే మనిషిని వారానికి ఒక్కసారి ఎవరైనా అడిగితే ఎంత హాయిగా ఉంటుందో మగవాళ్లకు చెప్పినా అర్థం కాదు. వాళ్లను రోజూ అడుగుతూనే ఉన్నాం మరి!

డబ్బున్న వాళ్లు కిట్టీ పార్టీలు చేసుకుంటున్నారు గదా అంటారేమో. అక్కడికి వెళ్లాలంటే పట్టుచీర కావాలి, తిరిగి పిలవడానికి పెద్ద హాలు కావాలి, చిట్టీ కట్టడానికి వేలు కావాలి. మధ్యతరగతి ఆడదానికి అది ఇంకో బరువు. నేనడిగేది అది కాదు. కట్టుకున్న నేత చీరతోనే, భుజాన సంచితోనే, వెళ్లి కూచోగలిగే చోటు. కూరగాయల అంగడి పెట్టుకున్న ఆవిడ, బడి పంతులమ్మ, ఆస్పత్రిలో నర్సమ్మ, ఇంట్లో ఉండే నాలాంటిది... ఎవరైనా కూచోగలిగే చోటు.

ఇది పెద్ద కోరికేం కాదు. హోటలు యజమానులకు ఒక మాట: మాకు తగ్గింపు ధరలు వద్దు, ప్రత్యేక గదీ వద్దు. ముందు హాల్లో ఫ్యాను కింద ఒక బల్ల, గొళ్లెం పడే మరుగుదొడ్డి, గుచ్చి చూడని సర్వరు. ఈ మూడూ పెట్టి చూడండి. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఈగలు తోలుకునే వేళలో మీ బల్లలు ఎట్లా నిండుతాయో! మున్సిపాలిటీవాళ్లకు ఒక మాట: విగ్రహాల చుట్టూ వేసే దీపాల్లో నాలుగు పార్కు బెంచీల వైపు తిప్పండి. ఇంట్లో మగవాళ్లకు ఒక మాట: వారానికి ఒక్క సాయంత్రం అన్నం మీరు వార్చండి. మేం తిరిగొచ్చాక "యాడికి పోయినావ్?" అని కాకుండా "ఏం తిన్నారు?" అని అడగండి.

చివరగా మనకు మనం చెప్పుకోవలసిన మాట కూడా ఉంది. బజ్జీల బండి దగ్గర నిలబడ్డ ఆడపిల్లను మగవాళ్ల కన్నా ముందు తేరిపార చూసేది మనమే. "వాళ్లమ్మాయిని సెంటర్లో చూశా" అని వార్త మోసేదీ మనమే. ఈసారి అట్లాంటి పిల్ల కనబడితే వార్త మోయడం మానేసి, పక్కనే నిలబడి మనమూ ఒక ప్లేటు చెప్పుకుందాం. ఆ పిల్లకూ ధైర్యం, మనకూ బజ్జీ!

మీ ఊర్లో ఆడవాళ్లు సాయంత్రంపూట నిశ్చింతగా కూచుని తినగలిగే చోటు ఒక్కటైనా ఉందా? ఉంటే నలుగురికీ చెప్పండి. లేదంటే ఇద్దరు ముగ్గురు కలిసి వచ్చే శనివారం మీరే మొదలుపెట్టండి. కారణం వెతుక్కోకండి. ఆకలి వేయడం, కబుర్లాడాలనిపించడం... ఈ రెండు కారణాలూ చాలు.